కర్రలా కాదు, తడిగుడ్డలా కాదు: తైచీలో 'పెంగ్'

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెమ్మది కదలికల చైనా యుద్ధకళ తైచీలోని 'పెంగ్ జిన్' గురించే. లోపలి నుంచి అన్ని వైపులకూ విప్పారే బలానికి సాధకులు వాడే మాట ఇది. వాటిలో కొన్నింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: రెండేళ్లుగా యాంగ్ శైలి నేర్చుకుంటున్నాను. మా మాస్టారు నా ముంజేతి మీద చెయ్యి వేసి "పెంగ్ లేదు" అంటారు. గట్టిగా పెడితే "కర్రయిపోయింది" అంటారు, వదులు చేస్తే "తడిగుడ్డలా వేలాడుతోంది" అంటారు. ఈ రెండింటికీ మధ్య ఏముంది?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ మాస్టారు రెండుసార్లూ సరిగ్గానే పట్టుకున్నారు. బిగువుకూ వదులుకూ మధ్య సరైన కొలత ఒకటుంటుందని మీరు వెతుకుతున్నారు. సగం బిగించి చూస్తారు, ముప్పాతిక వదిలి చూస్తారు. ఆ దారిలో ఎన్నాళ్లు వెతికినా పెంగ్ దొరకదు. అది చేతి కండల్లో ఉండదు.

తెరిచిన గొడుగు చూడండి. గుడ్డను ఎవరూ లోపలి నుంచి నెట్టడం లేదు. ఊచలు దాన్ని అన్ని వైపులకూ సమంగా సాగదీస్తున్నాయి, ఆ సాగుడంతా నడిమి కర్ర పట్టి ఉంచుతోంది. గుడ్డ మీద ఎక్కడ వేలు పెట్టి నొక్కినా ఒత్తిడి ఊచల మీదుగా కర్రకు చేరుతుంది. వేలు తీయగానే గుడ్డ తన చోటికి వచ్చేస్తుంది. మన ఒంట్లో ఆ కర్ర వెన్ను. నడినెత్తి పైకి, తోకఎముక కిందికి సాగితే వెన్ను నిడుపవుతుంది, వీపు వెడల్పవుతుంది. భుజాలు దిగి, మోచేతులు బరువుగా వేలాడతాయి. చేతులు ఒంటికి కొంచెం ఎడంగా, నిండుగా నిలబడతాయి. ఆ నిండుదనమే పెంగ్.

చైనా సాధకులు బలాన్ని రెండు మాటలతో విడదీస్తారు. 'లీ' మామూలు కండబలం. ఒక కీలు దగ్గర పుట్టి ఆ చుట్టుపక్కలే ఆగిపోతుంది. 'జిన్' సాధనతో వచ్చేది. పాదంలో మొదలై కాలు, నడుము, వీపు మీదుగా వేళ్ల దాకా తెగకుండా సాగుతుంది. తైచీ చెప్పే ఎనిమిది జిన్‌లలో పెంగ్ మొదటిది. తరువాత లూ (వెనక్కి మళ్లించడం), జీ (ముందుకు నొక్కడం), ఆన్ (తోయడం), త్సాయ్ (కిందికి లాగడం), లియే (విడదీయడం), జౌ (మోచేతి దెబ్బ), కావ్ (భుజంతో తాకడం). మొదటిదని పేరేగానీ మిగిలిన ఏడింటిలోనూ అది ఉండాలి. పెంగ్ లేని లూ వట్టి గుంజుడు, పెంగ్ లేని ఆన్ వట్టి తోపుడు. దీనికి వాళ్లు ఇచ్చే పాత పోలిక పడవను మోసే నీళ్లు. పడవను ఎత్తాలని నీళ్లు పూనుకోవు. ఎంత బరువెక్కితే అంత మోస్తాయి. (ఇంకో విశేషం: ఆ అక్షరాన్ని మామూలు నిఘంటువుల్లో 'బింగ్' అని చదువుతారు, అర్థం అమ్ములపొది మూత. దాన్ని పెంగ్ అని పలికి ఈ అర్థంలో వాడుకున్నది తైచీ వాళ్లు.)

ఇక మీ చెయ్యి సంగతి. గట్టిగా పెట్టినప్పుడు జబ్బకండ, మెడ పక్క కండ బిగుసుకుంటాయి. మాస్టారు పెట్టిన ఒత్తిడి భుజం దగ్గరే ఆగుతుంది, అందుకే మీ పైభాగమంతా వెనక్కి ఊగుతుంది. వదిలినప్పుడు మోచెయ్యి ముడుచుకుంటుంది, చంక మూసుకుంటుంది. మూడు కొలతలు గుర్తుంచుకోండి: మోచేతి కోణం లంబకోణం కన్నా ఎప్పుడూ ఎక్కువ, చంకలో గుప్పెడంత ఖాళీ, ముంజేతికీ ఛాతీకీ మధ్య జానెడు పైచిలుకు దూరం. ముందు వీటిని నిలబెట్టి, ఆ తరువాత కండను వదలండి. వదలమంటే ఆకారాన్ని కూడా వదిలేయమనుకుని చాలామంది ఏళ్లు పోగొట్టుకుంటారు. అది చూస్తే బాధగా ఉంటుంది.

ప్రశ్న: తైచీ పేరులోని 'చీ' ఈ లోపలి శక్తేనా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదు. ఆ 'చీ' అసలు పలుకు 'జీ'కి దగ్గర. అర్థం పరమావధి. పూర్తి పేరు తైచీ చువాన్. తైజీ అంటే యిన్, యాంగ్ (చీకటి, వెలుగు లాంటి జంట) రెండూ కలిసి ఉన్న మహా మూలం, చువాన్ అంటే పిడికిలి. ఊపిరి, ప్రాణశక్తి అనే అర్థమున్న 'చి' వేరే అక్షరం, చైనా ఊపిరి సాధన చిగాంగ్‌లో ఉన్నది అదే. జిన్ ఈ రెండూ కాని మూడో మాట. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు పుట్టిన గందరగోళం ఇది.

ప్రశ్న: మా బృందంలో 24 భంగిమల వరస ఒక్కటే నేర్పుతారు. పెంగ్ కోసం పాత పెద్ద వరసలు నేర్చుకోవాలా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అక్కర్లేదు. ఆ వరసను 1956లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం యాంగ్ శైలి నుంచి కుదించి తయారు చేయించింది. అందులో ఏడోది, ఎనిమిదోది 'పిచ్చుక తోక పట్టుకోవడం', ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. పెంగ్, లూ, జీ, ఆన్ నాలుగూ అదే క్రమంలో రెండుసార్లు వస్తాయి. ఆ రెండు భంగిమలనే విడదీసి రోజూ పదేసి సార్లు చెయ్యండి, చాలు. హెనాన్ రాష్ట్రంలోని చెన్ గ్రామపు శైలి నేర్చుకునేవాళ్లు ఇదే బలాన్ని పట్టుదారం చుట్టినట్టు మెలితిరిగే కదలికలతో సాధిస్తారు. యాంగ్ శైలికి మూలపురుషుడైన యాంగ్ లూచాన్ (1799–1872) నేర్చుకున్నది ఆ ఊళ్లోనే కాబట్టి రెండింటి వేరూ ఒకటే.

ప్రశ్న: ఇంట్లో ఒంటరిగా రోజుకు ఇరవై నిమిషాలు కేటాయించగలను. ఏం చెయ్యాలి, ఏ వరసలో?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సగం సమయం నిలబడడానికి ఇవ్వండి. పాదాలు భుజాల వెడల్పున, ఒకదానికొకటి సమాంతరంగా. బరువు మడమ మీదా వేళ్ల మీదా కాకుండా అరికాలి నడుమ. మోకాళ్లు కొంచెం వంచండి. ఎత్తు స్టూలు అంచున కూర్చోబోతున్నంత వంపు చాలు. మోకాలు రెండో కాలివేలి దిక్కుకే చూడాలి, వేళ్ల కొసల్ని దాటకూడదు. గడ్డం కాస్త లోపలికి. తోకఎముకను ముందుకు తిప్పి బిగించకండి, వేలాడనివ్వండి. అప్పుడు చేతులెత్తి పెద్ద ధాన్యపు కుండను కౌగిలించుకున్నట్టు గుండ్రంగా, ఛాతీ ఎత్తున పట్టండి. రెండు చేతుల వేళ్ల మధ్య జానెడు ఎడం. మోచేతులు మణికట్ల కన్నా కాస్త కింద.

మొదటి రెండు నిమిషాలు ఏమీ చేయకండి, భుజాలు దిగనివ్వండి. తరువాత ఆ కుండ లోపలి నుంచి కాగితం మందాన ఉబ్బి మీ ముంజేతుల్ని బయటికి తోస్తున్నట్టు మూడు ఊపిరులసేపు తలచుకోండి. ఆ తరువాతి మూడు ఊపిరులు కుండ చిక్కిపోయి జారబోతున్నట్టు, మీరు దాన్ని జారనివ్వనట్టు. చూసేవాళ్లకు కదలిక కనిపించకూడదు. కనిపించిందంటే కండతో చేస్తున్నారన్నమాట. ఉబ్బేటప్పుడు చేతుల ముందువైపే కాదు, వీపు, నడుము వెనకభాగం కూడా వెనక్కి నిండుతున్నాయా అని గమనించండి. ముందుకు మాత్రమే తోసేది పెంగ్ కాదు. ఊపిరి దాని దారిన దాన్ని పోనివ్వండి, బిగబట్టకండి. మొదటి వారం అయిదు నిమిషాలు నిలబడండి, వారానికి ఒక్కో నిమిషం పెంచుతూ పది దాకా వెళ్లండి.

మిగతా సమయం ఒక్క పెంగ్ కదలికకే. ఎడమ పాదం వెనక, 45 డిగ్రీలు బయటికి తిప్పి, బరువంతా దాని మీద. కుడి మడమ ముందు ఆనించి, రెండు పాదాల మధ్య అడ్డంగా జానెడు ఎడం. రెండూ ఒకే గీత మీదికొస్తే తూలుతారు. వెనక పాదం నేలను నొక్కుతుంది, నడుము తిరుగుతుంది, ఆ రెండూ కుడి ముంజేతిని తీసుకొస్తాయి. అరచెయ్యి మీ వైపు చూస్తూ, ముంజెయ్యి ఛాతీకీ గొంతుకూ మధ్య ఎత్తున ఆగాలి. బరువులో డెబ్బై పాళ్లు ముందు కాలి మీద. ఒక్కోసారికి పది సెకన్లు, ఒక్కో వైపు పదిసార్లు.

ఇందులో అందరూ చేసే తప్పు ఒకటే: చెయ్యి ముందు వెళ్లిపోతుంది, నడుము తరువాత వస్తుంది. నడుము ఆగిన క్షణానే చెయ్యి ఆగాలి. ఆ తరువాత చెయ్యి అంగుళం కదిలినా ఆ అంగుళం లీ, జిన్ కాదు. చివర్లో ఒక పరీక్ష: ఇదే నిలుపులో ముంజేతిని గుమ్మం చట్రానికి ఆనించి, వెనక పాదంతో నేలను అయిదు సెకన్లు మెల్లగా నొక్కండి. మీ బలంలో పదింట రెండు వంతులు మించవద్దు. ముందుగా ఏ కీలు లొంగిందో అక్కడే దారి తెగుతోంది. చాలామందికి భుజం పైకి లేస్తుంది. కొంతమందికి తొడ మొదట్లో గజ్జల మడత తెరుచుకోక నడుము వెనక్కి వంగుతుంది.

ప్రశ్న: మా ఆయన కూడా నాతోపాటు చేస్తారు. ఒకరినొకరు నెట్టి పరీక్షించుకుంటే బలాబలాల పోటీగా మారుతోంది. ఎలా చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నెట్టే ఒత్తిడి తగ్గించండి, పోటీ పోతుంది. నెట్టేవాళ్లు అరచేతిని ఎదుటివారి మణికట్టుకు కొంచెం పైన పెట్టి, నీళ్లసీసా మోసినంత, అంటే కిలో ఒత్తిడితో మొదలుపెట్టాలి. అయిదు సెకన్లలో మెల్లగా పెంచాలి. మొదటి నెల మూడు నాలుగు కిలోలు దాటవద్దు. ఎంతో తెలియకపోతే బరువు తూచే యంత్రాన్ని బల్ల మీద పెట్టి చేత్తో నొక్కి చూడండి, మూడు కిలోలంటే ఎంత తక్కువో అర్థమవుతుంది. హఠాత్తుగా నెట్టడం అసలు వద్దు. హఠాత్తుగా నెడితే ఎవరైనా బిగుసుకుంటారు. అప్పుడు నేర్చుకునేది బిగుసుకోవడమే.

చేతులు ఆనించి చేసే ఈ సాధనలో పాత గురువులు నాలుగు దోషాలకు పేర్లు పెట్టారు. 'డింగ్' అంటే ఎదురు నెట్టడం. దీన్ని పట్టడం తేలిక: నెట్టేవాళ్లు చటుక్కున చెయ్యి తీసేస్తే మీరు ముందుకు తూలతారు. పెంగ్ ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉంటారు. 'బియెన్' అంటే అణగిపోవడం. ముంజెయ్యి ఛాతీకి అతుక్కుపోతుంది. 'దియూ' అంటే ఆనిన చెయ్యి విడిపోవడం. నెడతారేమోనన్న భయంతో ముందే వెనక్కి తగ్గేవాళ్లకు వస్తుంది. 'కాంగ్' మొండితనం, బలం దారి మారినా అక్కడే అడ్డంగా నిలబడడం. డింగ్‌ను సరిచేయాలంటే చేతిని కాదు, ముందు మోకాలిని వదలాలి. బియెన్‌కు నడినెత్తిని పైకి సాగదీయాలి. దియూ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని, అవతలి అరచేతి ఒత్తిడి ఒకేలా ఉండేట్టు వెంట నడవడం రోజుకు రెండు నిమిషాలు చెయ్యాలి. కాంగ్‌కు మందు నడుము తిప్పడమే, బలం వచ్చిన దిక్కును నడుముతో పక్కకు మళ్లించాలి.

ఒకరు నెట్టినంతసేపూ రెండోవారు నోటితో చెప్పాలి: "భుజంలో ఆగింది", "నడుముకొచ్చింది", "మడమకు దిగింది". మడమకు దిగిందని ఇద్దరూ ఒప్పుకున్నాకే అర కిలో పెంచండి.

ప్రశ్న: నిలబడితే చేతులు వణుకుతాయి, వేళ్లలో వేడి, తిమ్మిరి. శక్తి ప్రవహిస్తోందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మూడింటినీ కలపకండి. వణుకు కండ అలసట. భుజాన్ని మోయాల్సిన వీపు ఇంకా పనిలోకి దిగలేదని దాని అర్థం. చేతుల్ని నాభి ఎత్తుకు దించి కొనసాగించండి. వేడి వదులుకు గుర్తు, రక్తం వేళ్ల దాకా బాగా వెళుతోంది, మంచిదే. తిమ్మిరి మాత్రం నరం నొక్కుకోవడం వల్ల రావచ్చు. చంక తెరవండి, భుజం దించండి, మణికట్టు వంపు తీసేయండి. అయినా పోకపోతే ఆ రోజుకు ఆపండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే సాధన మాట మరిచి వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: తాకకుండానే మనుషుల్ని ఎగరగొట్టే వీడియోలు పెంగ్ అవునా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కాదు. పెంగ్ తాకినచోటే పనిచేస్తుంది, చర్మం మీది ఒత్తిడి నేలకు దిగే దారి అది. తాకిడి లేనిచోట దారే లేదు. అక్కడ ఎగిరేవాళ్లు గురువు మీది నమ్మకంతో ఎగురుతున్నారు.

ప్రశ్న: నా వయసు 63. మోకాళ్లలో అరుగుదల ఉంది. ఇది నాకు కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: కుదురుతుంది, కుర్చీలో. చేతులు లేని గట్టి కుర్చీ ముందు మూడో వంతులో కూర్చోండి. వీపు ఆనించవద్దు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, ఆనకపోతే కింద పీట వెయ్యండి. నడినెత్తి, తోకఎముక, కుండ కౌగిలి అన్నీ పైన చెప్పినట్టే. అరికాళ్లతో నేలను మెల్లగా నొక్కి, ఆ నొక్కుడు ముంజేతుల్లో తెలుస్తుందా అని చూడండి. నిలబడి చేసేటప్పుడు మోకాలి వంపు దాదాపు లేకుండా ఎత్తుగా ఉండండి, తక్కువ నిలుపుకూ పెంగ్‌కూ సంబంధం లేదు. తిరిగేటప్పుడు బరువున్న పాదాన్ని నేల మీద తిప్పకండి. ముందు బరువు తీసి, పాదం తిప్పి, మళ్లీ బరువు పెట్టండి. తైచీలో మోకాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.