ముసలి నక్షత్రానికి అంత వేగం ఎక్కడిది?

ప్రశ్న: పల్సార్లు వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తాయంటారు. మరి వందల కోట్ల ఏళ్ల న్యూట్రాన్ నక్షత్రాలు కొన్ని సెకనుకు వందలసార్లు ఎలా తిరుగుతున్నాయి?
– బీఎస్సీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: పెద్ద నక్షత్రం పేలాక మిగిలే అతి సాంద్రమైన గుండె న్యూట్రాన్ నక్షత్రం; అది గిర్రున తిరుగుతూ మిణుకుల్లా సంకేతాలు పంపితే పల్సార్ అంటాం. నెమ్మదించడం నిజమే. ఒంటరి పల్సార్ కొన్ని కోట్ల ఏళ్లలో రేడియో మిణుకులు ఆగిపోయేంత మందగిస్తుంది. దాన్ని మళ్లీ తిప్పేది తోడు నక్షత్రం.

ముందు ఆ జంట, న్యూట్రాన్ నక్షత్రాన్ని పుట్టించే సూపర్‌నోవా పేలుడును తట్టుకోవాలి. పేలుడులో జంట మొత్తం ద్రవ్యరాశిలో సగానికి మించి ఒక్కసారిగా ఎగిరిపోతే, సాధారణంగా రెండూ చెరో దారి పడతాయి. నిలిచిన జంటలో తోడు నక్షత్రం ఉబ్బినా, కక్ష్య కుంచించుకుపోయినా దాని పైపొరలు రోష్ హద్దు, అంటే సొంత గురుత్వం పట్టి ఉంచగల మేర, దాటతాయి. ఆ వాయువు నేరుగా వచ్చి పడదు. కక్ష్యావేగం దానితోపాటే వస్తుంది కనుక న్యూట్రాన్ నక్షత్రం చుట్టూ పళ్లెంలా పరుచుకుని లోపలి అంచు నుంచి రాలుతుంది. కుమ్మరి సారెను కర్రతో తోసినట్టు, పడే పదార్థమంతా కోణీయ ద్రవ్యవేగాన్ని (తిరిగే ఊపును) అందిస్తూ పోతుంది. సూర్యుడిలో దాదాపు పదో వంతు పదార్థం చేరితే కొన్ని మిల్లీసెకండ్లకో చుట్టు తిరగడానికి సరిపోతుంది. ఏటా సూర్యుడిలో వందకోట్లో వంతు చొప్పున పడితే అందుకు పది కోట్ల ఏళ్లు కావాలి.

పదార్థం ఒక్కటే చాలదు, అయస్కాంత క్షేత్రం కూడా తగ్గాలి. మామూలు పల్సార్‌కు ఉండే లక్ష కోట్ల గౌస్ (అయస్కాంత క్షేత్రానికి కొలమానం) క్షేత్రం పళ్లెం అంచును వేల కిలోమీటర్ల దూరంలోనే ఆపేస్తుంది. అక్కడి వాయువు తిరిగే వేగం తక్కువ, కాబట్టి నక్షత్రం సెకనుకు ఒకటి రెండు చుట్లను మించి పుంజుకోలేదు. క్షేత్రం పది కోట్ల గౌస్‌కు పడిపోయినప్పుడే వాయువు ఉపరితలం దగ్గరిదాకా రాగలదు. మీద పడిన పదార్థమే క్షేత్రాన్ని పూడ్చేస్తుందన్న వివరణకు ఎక్కువ ఆదరణ ఉంది గానీ అది ఇంకా తేలలేదు. వాయువు రాక సన్నగిల్లితే కథ తిరగబడుతుంది: పళ్లెం అంచు వెనక్కి జరిగి, నక్షత్రం వాయువును బయటికి విసిరేస్తూ తన వేగాన్నే పోగొట్టుకుంటుంది.

సాక్ష్యాల్లో నేను ముందు పెట్టేది ఎం28 తారాగుచ్ఛంలోని పల్సార్‌ను. సెకనుకు 254 చుట్లు తిరిగే ఈ నక్షత్రం అంతకుముందు రేడియో పల్సార్‌గా తెలిసినదే. 2013లో ఎక్స్-కిరణ పల్సార్‌గా వెలిగి, కొన్ని వారాల్లోనే మళ్లీ రేడియోకు మారింది. పదార్థం మీద పడుతున్నప్పటి ఎక్స్-కిరణ దశ, అది ఆగినప్పటి రేడియో దశ: ఒకే నక్షత్రం రెండింటినీ కళ్లముందు చూపించింది.

ప్రశ్న: 1982లో అరెసిబో రేడియో టెలిస్కోపుకు దొరికిన మొదటి మిల్లీసెకండ్ పల్సార్‌కు తోడే లేదట. మరి దాన్ని తిప్పిందెవరు?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: సెకనుకు 642 చుట్లు తిరిగే ఆ పల్సార్‌కూ ఒకప్పుడు తోడు ఉండే ఉంటుందని ఆ ఏడాదే బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన రాధాకృష్ణన్, శ్రీనివాసన్ వాదించారు. వేగం పుంజుకున్న పల్సార్ నుంచి వీచే కణాల గాలి తోడు నక్షత్రాన్ని ఆవిరి చేయగలదు. 1988లో దొరికిన బి1957+20 పల్సార్ దగ్గర ఆ పని ఇప్పటికీ జరుగుతోంది. తోడు నుంచి లేచే వాయువు అడ్డొచ్చి ప్రతి కక్ష్యలోనూ కాసేపు రేడియో సంకేతం మాయమవుతుంది.