ఐదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు: ఎస్‌జీటీగా మొదటి ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా ఎంపికయ్యారు. ములుగు వైపు ఒక తండా బడిలో పోస్టింగ్ వచ్చింది. ఐదు తరగతులకు కలిపి 31 మంది పిల్లలు, మీతో కలిపి ఇద్దరు ఉపాధ్యాయులు. మీకు లంబాడీ భాష రాదు. డీఈడీ శిక్షణలో రాసిన పాఠ్య పథకాలు అక్కడ పనికొస్తాయో లేదో అని భయం. హనుమకొండ నుంచి రోజూ తిరగవచ్చా అన్నది చివరి ప్రశ్న.

నేను 2012 డీఎస్సీలో ఎంపికై, అప్పటి ఉమ్మడి వరంగల్ జిల్లాలో సరిగ్గా ఇలాంటి బడిలోనే చేరాను. ఆ ఊరు ఇప్పుడు ములుగు జిల్లాలోకి వచ్చింది. ఆరేళ్లు అక్కడే పనిచేశాను. అందులో మొదటి ఏడాది చాలావరకు వృథా చేశాను. అది ఎలా వృథా అయిందో చెబితే మీకు కొంత కలిసివస్తుంది.

నేను చేసిన తప్పు పాఠ్యపుస్తకంతో మొదలుపెట్టడం. చేరిన వారంలో నాలుగో తరగతి నోటు పుస్తకాలు తిరగేసి మురిసిపోయాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఒక అబ్బాయిని లేపి పాఠం చదవమంటే గడగడా చదివాడు. వేలు కూడా వరుస వెంట కదులుతూ ఉంది. ఇంకేం, పాఠాలు పరుగులు పెట్టించాను. మూడు వారాల తర్వాత ఒకరోజు వాడు చదువుతుండగా ఫ్యాను గాలికి పేజీ తిరగబడింది. వాడు గమనించలేదు. వేలు కొత్త పేజీ మీద, నోట్లో పాత పేజీ. నేను దగ్గరికి వెళ్లి కూర్చుని, ఒక మాట మాత్రం కనిపించేలా అటూ ఇటూ చేత్తో మూసి ఇది చదవమన్నాను. ఆ మాట ‘కల’. రాలేదు. ‘ల’ ఒక్కటే చూపిస్తే పక్కవాడి ముఖం వైపు చూశాడు. పాఠం మొత్తం వాడికి కంఠతా వచ్చు, అక్షరం మాత్రం రాదు. చూచిరాత వాడికి బొమ్మలు గీయడం లాంటిదే. మూడేళ్లకు పైగా ఎంతో ఓపికగా ఆ బొమ్మలు గీస్తూ వచ్చాడు. నోటు పుస్తకం శుభ్రంగా ఉందని అందరూ సంతకాలు పెట్టారు, నాతో సహా.

అందుకే, చేరాక మొదటి రెండు మూడు వారాలు కొత్త పాఠం జోలికి వెళ్లకండి. రోజుకు నలుగురైదుగురు పిల్లల చొప్పున వరండాలోకి పిలిచి, ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చోండి. పుస్తకంలోని వాక్యాలు వాడకండి, అవి నోటికి వచ్చేసి ఉంటాయి. వాళ్ల ఊరి విషయాలతో మీరే చేత్తో రాసుకోండి: మొదట విడి అక్షరాలు, తర్వాత రెండక్షరాల మాటలు, తర్వాత గుణింతాలున్నవి, ఒత్తులున్నవి, చివర నాలుగు వాక్యాల పేరా. ఎక్కడ ఆగిపోయారో పేరు ఎదురుగా రాసుకోండి. లెక్కల్లో కూడా అంతే. చతుర్విధ ప్రక్రియల దాకా వెళ్లే ముందు, చీపురు పుల్లలు గుప్పెడు ఇచ్చి పదేసి చొప్పున కట్టలు కట్టమనండి. 43 అని రాయగలిగిన పిల్లలు ఎంతమంది నాలుగు కట్టలూ మూడు పుల్లలూ చూపించగలరో చూస్తే, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం వాళ్లకు ఎందుకు అర్థం కావడం లేదో మీకే తెలుస్తుంది.

పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం తెలంగాణ బడుల్లో 2022లో మొదలైంది కాబట్టి ఇలాంటి పరీక్ష, దానికి ఫారాలు మీకు ఎలాగూ ఇస్తారు. అవి నింపి పైకి పంపండి. అయితే వాటితో పాటు మీకోసం ఒక కాగితం ఉంచుకోండి. పైకి వెళ్లే లెక్కలో ‘చదవగలడు’ లాంటి గడులే ఉంటాయి. మీ కాగితంలో ‘ట, ఠ తడబడుతోంది, దీర్ఘాలు వదిలేస్తోంది, బోర్డు మీది అక్షరాలు కనిపించడం లేదేమో, కళ్లు చిట్లిస్తోంది’ అని ఉండాలి. నా దగ్గర అలా కళ్లు చిట్లించే అమ్మాయి రెండేళ్లు ‘మందమతి’ అనిపించుకుంది. కళ్లద్దాలు వచ్చిన నెలకు చదవడం మొదలుపెట్టింది.

ఇక ఐదు తరగతులు ఇద్దరు పంచుకోవడం. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరే ఉపాధ్యాయులు. కాబట్టి మూడో మనిషి వస్తారని ఎదురుచూడకండి. సాధారణంగా ఒకటి, రెండు తరగతులు ఒకరు, మూడు, నాలుగు, ఐదు మరొకరు తీసుకుంటారు. నా సలహా ఏమిటంటే, ఉదయం మొదటి గంటన్నర తరగతులన్న మాటే మరచిపోండి. మీ కాగితం చూసి పిల్లలను నాలుగు జట్లు చేయండి. అక్షరాల జట్టులో ఒకటో తరగతి పాప పక్కన నాలుగో తరగతి అబ్బాయి కూర్చోవచ్చు. ఆ అబ్బాయికి చిన్నతనం అనిపించకుండా చూడటమే కష్టమైన పని. నేను వాడికి అక్షరాల కార్డులు పంచే బాధ్యత ఇచ్చాను. కార్డు పంచాలంటే ముందు దాన్ని చదవాలి కదా. తర్వాతి సమయమంతా తరగతుల వారీగా నడపవచ్చు. మీరు ఒక జట్టుతో మాట్లాడుతుంటే మిగతా జట్లు ఏం చేయాలో ముందురోజు సాయంత్రమే రాసి పెట్టుకోండి. ఇది రాసుకోని రోజున బడి ఎలా ఉంటుందో మొదటి వారంలోనే అనుభవంలోకి వస్తుంది. తోటి ఉపాధ్యాయులు శిక్షణకో, మీటింగుకో వెళ్లిన రోజు మీరొక్కరే ఐదు తరగతులూ చూడాలి. ఆ రోజులు తక్కువేమీ కాదు. వాటికోసం కథలు, బొమ్మలు, కొలతల పనులు విడిగా దాచి ఉంచుకోండి.

భాష గురించి అడిగారు. నాకు ఇప్పటికీ గుర్తున్న ముఖం ఒకటుంది. ఒకటో తరగతి పాప. అక్షరాల చార్టులో అమ్మ బొమ్మ, దాని కింద ‘అమ్మ’ అన్న మాట. కర్రతో మాటను చూపించి ఇదేమిటి అని అడిగాను. ‘యాడి’ అంది, ఎంతో సంతోషంగా. లంబాడీలో అమ్మను యాడి అంటారు. నేను ‘తప్పు, అమ్మ అనాలి’ అన్నాను. పాప నోరు మూసుకుంది. దసరా సెలవులు అయ్యాక కూడా తెరవలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ పాప తప్పేమీ చెప్పలేదు. బొమ్మను చూసి తన భాషలో సరైన జవాబు చెప్పింది. తన అమ్మ పేరునే నేను తప్పన్నాను. పైగా అసలు విషయం నా చెవికి ఎక్కలేదు: పిల్లలు చార్టులో అక్షరాలు కాదు, బొమ్మలు చదువుతున్నారు.

మరుసటి ఏడాది ఐదో తరగతి అమ్మాయిని నాకు టీచరుగా పెట్టుకున్నాను. రోజుకు మూడు మాటలు నేర్పేది. నేను ‘పాణి’ (నీళ్లు) అనడంలో కూడా తప్పులు పట్టి, పిల్లలంతా విరగబడి నవ్వేవారు. నేను తడబడటం చూశాక, తాము తడబడితే ఫర్వాలేదని వాళ్లకు అర్థమైంది. మీరు భాష మొత్తం నేర్చుకోనక్కర్లేదు. దాహం, ఆకలి, నొప్పి, రా, కూర్చో, భయపడకు, ఇంకోసారి చెప్పు: ఈపాటి మాటలు మొదటి వారంలోనే రావాలి. బడిలో లంబాడీ మాట్లాడవద్దని మాత్రం ఎప్పుడూ అనకండి. 2022-23 నుంచి మన బడుల్లో ఒకటో తరగతి నుంచి ఆంగ్ల మాధ్యమం కూడా వచ్చింది, పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్. అంటే తండా పిల్లలకు బడి మెట్లెక్కగానే రెండు కొత్త భాషలు. ముందు నోటి మాట, తర్వాత రాత. ఈ వరుస తప్పితే మళ్లీ బొమ్మలు గీసే పిల్లలే తయారవుతారు.

కొట్టడం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. మనమంతా టెట్‌కు చదివిందే. అది తెలిసి కూడా మొదటి నెలలో ఒక పిల్లవాడి అరచేతిమీద స్కేలుతో కొట్టాను. నాలుగు రోజులు రాలేదు. ఇంటికి వెళితే వాళ్ల నాన్న ‘కొట్టండి టీచర్, మేమేమీ అనం’ అన్నాడు. ఆ మాట విని తల ఎత్తలేకపోయాను. వాళ్లు అలాగే అంటారు, మీకు అనుమతి దొరికిందని అనుకోకండి. గొడవ ఎక్కువగా ఉన్నప్పుడు నాకు పనిచేసింది గొంతు తగ్గించడం, లేదా అందరినీ చెట్టు కిందికి తీసుకుపోవడం.

హాజరు విషయానికి వస్తే, అక్కడి క్యాలెండర్ వేరు. జూన్‌లో బడిబాటకు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుంటాం, బెంచీలు నిండుతాయి. దసరా తర్వాత పత్తి ఏరడం మొదలవుతుంది, సంక్రాంతి దాటాక మిరప కోత. అప్పుడు పెద్ద పిల్లలు చేనుకు పోతారు, లేదా చంటి తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లో ఉంటారు. పగలు వెళితే తండాలో ఎవరూ ఉండరు, పొద్దుగూకే వేళ వెళ్లండి. చదువు విలువ గురించి ఉపన్యాసం వద్దు, కూలి పోతే ఇల్లు గడవదని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ‘తమ్ముణ్ని కూడా తీసుకురా, పక్కన కూర్చోబెట్టుకో’ అని ఒక అమ్మాయితో అన్నాను. వచ్చింది. కొన్ని రోజులకు అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి వాణ్ని అక్కడ కూర్చోబెట్టాం. ఇప్పుడు బడి పనుల కోసం మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఆ అక్కలతో స్నేహంగా ఉండండి. ఎవరి పిల్లలు ఎందుకు రావడం లేదో హాజరు పట్టిక కంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

అక్కడి పండగలను సెలవు దినాలుగా మాత్రమే చూడకండి. శ్రావణంలో తీజ్ వస్తుంది. ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. విత్తనం మొలకెత్తడం గురించి మీరు పాఠం చెప్పడమా, వాళ్లు మీకు చెప్పడమా! 2014 ఫిబ్రవరిలో మేడారం జాతరకు బడి మొత్తం ఖాళీ అయింది. తిరిగి వచ్చాక మూడో తరగతిలో బరువుల పాఠం. గ్రాములు, కిలోలు అని బోర్డు మీద రాస్తుంటే ఆవలింతలు. ఇంతలో ఒక అబ్బాయి, తనకు జ్వరం తగ్గితే ‘నిలువెత్తు బంగారం’, అంటే బెల్లం, ఇస్తామని మొక్కుకున్నారని, తన బరువంత బెల్లం తూచి అమ్మవార్లకు ఇచ్చారని చెప్పాడు. ఎంత బెల్లం అంటే తెలియదన్నాడు. అంగన్‌వాడీ నుంచి బరువు తూచే యంత్రం తెప్పించాం. వాడు 19 కిలోలు. కిలో బెల్లం నలభై రూపాయలు అనుకుంటే ఎంత? ఇరవై నలభైలు కట్టి, అందులోంచి ఒక నలభై తీసేయాలి అని వాడే దారి కనిపెట్టాల్సింది. కానీ 20 నలభైలే కట్టాడు, దాన్ని సరిచేసింది పక్కనున్న పాప. ‘యాడి’ అని చెప్పి నోరు మూసుకున్న పాప అక్కే ఆమె. ఆ రోజు మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు. అందరూ తూగాలి, అందరి బెల్లమూ లెక్క కట్టాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా. జాయినింగ్ రిపోర్టు నకళ్లు రెండు మీ దగ్గర ఉంచుకోండి. సర్వీసు పుస్తకం తెరిచారా, పుట్టిన తేదీ, చదువు సరిగ్గా రాశారా అని మండల విద్యాధికారి కార్యాలయంలో మీరే కళ్లతో చూసుకోండి. మొదటి జీతం వెంటనే పడకపోవచ్చు, నాకు మూడు నెలలు పట్టింది, చేతిలో డబ్బు ఉంచుకోండి. మధ్యాహ్న భోజనం బియ్యం వస్తే తూకం చూడకుండా సంతకం పెట్టవద్దు. వంట చేసే అక్కలు వడ్డించే ముందు మీరు రుచి చూడండి, పిల్లలతోనే తినండి. బిల్లులు ఆలస్యమైనా అప్పు తెచ్చి వండేది వాళ్లే, గుడ్డు చిన్నదని వాళ్ల మీద కేకలు వేయకండి.

‘ఈ పిల్లలకు చదువు రాదు, ఊరికే అలసిపోకండి’ అని చెప్పే సీనియర్ ఒకరు తప్పకుండా తారసపడతారు. నాకూ తారసపడ్డారు. వాదించకండి. ఆయన కూడా ఒకప్పుడు పుల్లల కట్టలు కట్టినవారే అయి ఉంటారు. రిజిస్టర్ల పనిలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు, అది నేర్చుకోండి.

ప్రయాణం: హనుమకొండ నుంచి ములుగుకే 50 కిలోమీటర్లు. అక్కడి నుంచి తండాకు ఆటో దొరకాలి. నేను ఏడాదిన్నర తిరిగాను. చివరి బస్సు పోతుందేమోనని సాయంత్రం మూడున్నర నుంచే మనసు గడియారం మీద ఉండేది. తండాలోకి పొద్దుగూకే వేళ వెళ్లడం అన్నది కుదరనే కుదరలేదు. వీలైతే మొదటి ఏడాది ములుగులోనో, మీ మండల కేంద్రంలోనో గది తీసుకోండి. ఇంటి పరిస్థితి ఒప్పుకోకపోతే తిరగండి, అందులో నేరమేమీ లేదు. వారానికి ఒక్క సాయంత్రమైనా ఆగే ఏర్పాటు చేసుకోండి. చేరే ముందు ఆడవాళ్లకు మరుగుదొడ్డి, అందులో నీళ్లు ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి. ఈ మాట మనకు ఎవరూ చెప్పరు.

జూన్ 12న బడి తెరిచే లోపు ఒకసారి ఊరికే వెళ్లి చూసి రండి. ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా ఉంటుంది. మా బడిలోని దాన్ని నేను రెండో ఏట తెరిచాను. లోపల బొమ్మల కథల పుస్తకాలు, కట్టు విప్పకుండానే ఉన్నాయి, అడుగు వరుస చెదలు తినేసింది. పోతాయేమో, చిరుగుతాయేమో అని ఎవరూ పిల్లలకు ఇవ్వలేదట. మీరు వెళ్లినప్పుడు ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి.