మిద్దె మీద చెర్రీ టమాటా: అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చి.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ హైదరాబాద్ ఇంటి మిద్దె మీద ఈ ఏడాది మళ్లీ చెర్రీ టమాటా వేయాలనుకుంటున్నావని అమ్మ చెప్పింది. ఫిబ్రవరిలో నాటిన మొక్కలు ఏపుగా పెరిగినా ఏప్రిల్‌లో పూత అంతా రాలిపోయిందని, మట్టిలోనే ఏదో లోపం ఉందని నీవు దిగులు పడుతున్నావట. లోపం మట్టిలో లేదమ్మా, నాటిన కాలంలో ఉంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా తగినంత చల్లబడకపోతే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పువ్వు విచ్చుకున్నా పిందె కట్టదు. అప్పుడు ఎంత ఎరువు వేసినా ఆకు పెరుగుతుందే తప్ప కాయ నిలవదు. అంతకుముందే కట్టిన కాయలు కూడా, ఎరుపునిచ్చే లైకోపీన్ ఆ వేడిలో సరిగా తయారు కాదు గనుక, నారింజ రంగులోనే ఆగిపోతాయి.

అందుచేత నారు పుబ్బ కార్తెలో, అంటే ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు రెండో వారం లోపల పోసుకో. విత్తనం అర సెంటీమీటరు లోతున ఉంటే చాలు, వారం పది రోజుల్లో మొలుస్తుంది. మొదటి రోజు నుంచే నారు మీద సన్నని నైలాన్ వల కప్పడం మరువకు. ఆకుముడత తెగులును మోసుకొచ్చేది తెల్లదోమ. లేత నారుకు ఆ తెగులు సోకితే ఇక కాపు మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. ముడుచుకుని గిడసబారిన మొక్కను బాగుచేసే మందు లేదు. జాలిపడి ఉంచుకుంటే పక్క మొక్కలకూ అంటుకుంటుంది కనుక వెంటనే పీకివేయి. పెద్ద మొక్కల మీద తెల్లదోమ కనిపిస్తే పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయి.

నారుకు 25 నుంచి 30 రోజులు నిండాక కనీసం 20 లీటర్ల కుండీలోకి మార్చు. కాయ చిన్నదే గాని, చాలా రకాలు తీగలా ఆరేడు అడుగులు సాగుతాయి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చు. కింది ఆకులు తుంచి, కాండాన్ని కొంత లోతుగా పాతిపెడితే మట్టిలో ఉన్నంత మేరా కొత్త వేర్లు పుడతాయి. ఊతకర్ర కూడా ఆ రోజే పాతు, తరువాత గుచ్చితే వేర్లు తెగుతాయి. తీగ రకమైతే రెండు కొమ్మలు ఉంచి, ఆకు మొదళ్లలో వచ్చే పిలకలను లేతగా ఉన్నప్పుడే గిల్లివేయి. పొద రకమైతే గిల్లవద్దు, కాపు తగ్గుతుంది.

అన్నిటికంటే శ్రద్ధ నీటి విషయంలో కావాలి. చెర్రీ టమాటా తొక్క పలుచన. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు కుండీ నిండా పోస్తే లోపలి గుజ్జు ఒక్కసారిగా ఉబ్బి, తొక్క చిట్లిపోతుంది. కనుక మట్టిలో వేలు పెట్టి చూసి, పైపొర ఆరగానే మొక్క మొదలు దగ్గర పోయాలి గాని ఆకుల మీద చల్లకూడదు. తడిసిన ఆకులకు మచ్చ తెగులు సులువుగా వస్తుంది. కుండీలో రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే తేమ నిలకడగా ఉంటుంది. వాన ముసురుకుంటే రంగు తిరిగిన కాయలను ముందే కోసుకో.

పూత సమయంలో ఉదయం తొమ్మిది, పది గంటలకు పూగుత్తి కాడను వేలితో మెల్లగా తట్టు. తోటల్లో తుమ్మెద ఝుంకారపు అదురుకు పుప్పొడి రాలుతుంది. మిద్దె మీదికి తుమ్మెదలు రాకపోతే ఆ పని నీవే చేయాలి. ఎరువుగా పదిహేను రోజులకొకసారి గుప్పెడు వర్మీ కంపోస్టు చాలు.

డిసెంబరు నుంచి మార్చి దాకా కాయలు వస్తాయి. పూర్తిగా రంగు వచ్చాకే కోయి, ఫ్రిజ్‌లో పెట్టకు, రుచి చచ్చిపోతుంది. విత్తనం దాచాలనుకుంటే మంచి గుత్తిలోని పండ్ల గుజ్జును రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టు. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే మాత్రం ఆ శ్రమ పడవద్దు. ఆ గింజలు తల్లి మొక్కను పోలి రావు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ