పల్మియే బిస్కెట్టుకు ఆ పేరెందుకు వచ్చింది?

బేకరీలో ఒకచోట పామియర్ అని, ఇంకోచోట ఎలిఫెంట్ ఇయర్స్ అని అమ్ముతున్నారు, అసలు పేరేది, ఇంట్లో చేయొచ్చా అని అడిగారు కదా.

అసలు పేరు ఫ్రెంచిదే. పలికేది ‘పల్మియే’ అని, చివరి ‘ర్’ వినపడదు. తాటి, ఖర్జూరం, కొబ్బరి, ఆ జాతి చెట్లన్నిటినీ ఫ్రెంచివాళ్లు పల్మియే అనే అంటారు. బిస్కెట్టు విప్పారిన తాటాకులా ఉంటుందని ఆ పేరు. నేను తులూజ్‌లో చదువుకునేటప్పుడు మా వీధి బేకరీలో అరచెయ్యి కంటే పెద్దవి ఉండేవి. వాటిని చూస్తే పోలిక ఇట్టే తెలుస్తుంది. చిన్నసైజువైతే హార్ట్ షేపులా కనిపిస్తాయి, బ్రిటానియా లిటిల్ హార్ట్స్ తిని పెరిగినవాళ్లకు మరీను.

మిగతా దేశాలవాళ్లు ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. జర్మన్లకు ఇవి పంది చెవులు, మెక్సికోలో ఉత్త చెవులు, షాంఘైలో సీతాకోకచిలుకలు. జపాన్ కథ ఇంకా తమాషా. సాన్రిత్సు కంపెనీ 1965లో వీటిని ‘గెంజి పై’ అని అమ్మడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది టీవీలో రానున్న సీరియల్ గెంజి వంశపు వీరుడిది, అందుకని!

ఇక చేయడం. మైదా ముద్దలో వెన్న పెట్టి, మూడేసి మడతలు ఆరుసార్లు వేస్తే లెక్క ప్రకారం 729 పొరలు. మన ఇరానీ హోటళ్ల ఖారీ కూడా ఇలా మడతలు వేసేదే. పల్మియేకి మాత్రం చివరి మడతల్లో పొడిపిండి బదులు చక్కెర చల్లుతూ ఒత్తాలి. రెండంచులూ మధ్యకి చుట్టి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక సెంటీమీటరు మందాన కోసి, ముక్కల్ని ట్రేలో పడుకోబెట్టాలి. పడుకోబెట్టడంలోనే ఉంది అసలు సంగతి. ఓవెన్ వేడికి లోపలి నీరు ఆవిరై పొరల్ని విడదీస్తుంది కదా, అవి పైకి లేవకుండా పక్కలకు విచ్చుకుంటాయి. ఆకు ఆకారం వచ్చేది అప్పుడే. అందుకే ముక్కల మధ్య బాగా ఎడం ఉంచండి. నేను 200 డిగ్రీల్లో పెట్టి, అడుగున చక్కెర కరిగి ఎర్రబడగానే తిరగేస్తాను. ఆ దశలో ఫోన్ వస్తే ఎత్తకండి, రెండు నిమిషాల్లో మాడిపోతుంది.

రెడీమేడ్ షీట్లు కొంటే ప్యాకెట్ వెనక చదవండి. చాలావాటిలో వెన్న ఉండదు, మార్జరినే. పొరలు బాగానే వస్తాయి గానీ నాలుకకు జిడ్డు పట్టుకుంటుంది. వానాకాలంలో చేస్తే చల్లారగానే గట్టి మూత డబ్బాలో వేసేయండి. చక్కెర తేమ లాగేసి సాయంత్రానికే మెత్తబడతాయి.