కల్చర్ రిపోర్టులో అన్నిటికీ 'ఆర్' వచ్చింది, ఇంకా పవర్‌ఫుల్ మందు అడగాలా?

ఒంగోలులో వెంటిలేటర్ మీదున్న మీ మామయ్యగారి కఫం కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా వచ్చిందని, దాదాపు అన్ని మందుల ఎదురుగా ఆర్ అనే ఉందని, ఇంకా పవర్‌ఫుల్ మందు పెట్టమని డాక్టర్‌ని అడగాలా అని రాశారు. వద్దండి. నేను నెల్లూరులో మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఇలాంటి రిపోర్టులు రోజూ చూస్తుంటాను.

ఆర్ అంటే ఆ మందుకి క్రిమి లొంగదని, అంతే. అది మనిషిని ఎంత దెబ్బతీయగలదో ఆ రిపోర్టులో ఉండదు. క్రిమిని పెంచే ప్లేటు మీద మెరోపెనెం అనే యాంటిబయాటిక్ ఉన్న చిన్న బిళ్ల (డిస్క్) పెడితే, లొంగే క్రిమైతే చుట్టూ ఖాళీ వలయం వస్తుంది, లొంగనిదైతే డిస్క్ అంచు దాకా పెరిగిపోతుంది. మన దేశంలో దీనికి ఒక పెద్ద కారణం ఎన్‌డీఎం అనే ఎంజైము, అది మందునే విరిచేస్తుంది, పైగా ఆ జన్యువు ఎక్కువగా ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ ముక్క మీద ఉంటుంది కాబట్టి ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది. జబ్బు ముదిరేలా చేసేవి వేరే: క్రిమి చుట్టూ ఉండే క్యాప్సూల్ పొర, మన ఒంట్లోంచి ఇనుము లాక్కునే గుణం. ఇలాంటి కొన్ని క్రిములు ప్లేటు మీద గుంపులుగా పెరిగిన కాలనీలను లూప్ అనే సన్న పుల్లతో తాకి పైకి లాగితే పాకంలా తీగ సాగుతుంది, 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రింగ్ టెస్ట్ పాజిటివ్ అంటాం. ఈ జిగురు రకాలు చాలాకాలం మామూలు మందులకే లొంగేవి. మందులకి లొంగకపోవడం, జబ్బు ముదిరేలా చేసే గుణం, ఈ రెండూ ఒకే క్రిమిలో కలిసినప్పుడే నాకు నిజంగా భయం వేస్తుంది. 2016లో చైనాలోని హాంగ్‌జౌలో ఒక ఐసీయూలో అలాంటిది సోకిన ఐదుగురూ చనిపోయారు.

గొట్టం వేసినవాళ్ల కఫంలో క్రిమి జబ్బు చేయకుండా ఊరికే తిష్టవేసి కూడా ఉండొచ్చు. అందుకే డాక్టర్‌ని ఇవి అడగండి: కొత్తగా జ్వరం ఉందా, ఎక్స్‌రేలో మార్పు వచ్చిందా, ఆక్సిజన్ పెంచాల్సి వస్తోందా, శాంపిల్ యాంటిబయాటిక్ మార్చకముందే తీశారా. బయటి ల్యాబ్‌కి పంపి ఉంటే ఐస్‌లో పెట్టి పంపారా అని కూడా అడగండి, ఎండలో గంటలకొద్దీ ఉన్న శాంపిల్‌లో ఏది పెరిగినా నమ్మలేం.

కొలిస్టిన్ అనే యాంటిబయాటిక్ ఎదురుగా 'ఐ' (మధ్యస్థం) అని ఉంటే గాభరా పడకండి, సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) పద్ధతిలో 2020 నుంచి దానికి 'ఎస్' (లొంగుతుంది) అనేదే లేదు. అది కిడ్నీలను దెబ్బతీసే మందు, బంధువులు ఒత్తిడి చేసి రాయించుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. ఇస్తుంటే మాత్రం కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో అడుగుతూ ఉండండి.

మీ చేతిలో ఉన్నవి, ఆయన్ని ముట్టుకునే ముందూ తర్వాతా చేతులకి శానిటైజర్ రాసుకోవడం, వద్దని డాక్టర్ చెప్పకపోతే మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందో లేదో చూసి సిస్టర్‌కి చెప్పడం. పిల్లల్ని ఐసీయూకి తీసుకెళ్లకండి. పేరు, ఐపీ నంబర్ కనపడకుండా రిపోర్టు మొత్తం పెడితే ఎంఐసీ అంకెలు (క్రిమి పెరగకుండా ఆపే అతి తక్కువ మందు మోతాదు) చూసి చెప్తాను.