బావమరిది కంపెనీలో మా పాపను డైరెక్టర్‌గా వేయొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. పాప బీకాం ఫైనలియర్. కంపెనీ సెక్రటరీ (సీఎస్) చేస్తానంటోంది, అది ఎన్నేళ్ళకు పూర్తవుతుందో తెలీదు. మా బావమరిదికి పీణ్యలో మెషిన్ పార్టుల ప్రైవేట్ లిమిటెడ్ ఉంది. ఇద్దరు డైరెక్టర్లలో ఒకాయన తప్పుకుంటున్నారు, ఆ చోట పాప పేరు వేద్దామంటున్నాడు. రేపు సంబంధాలు చూసేటప్పుడు కూడా బాగుంటుందని మా ఆలోచన. తనేమో బ్యాలెన్స్ షీట్ చూడకుండా సంతకం పెట్టనని మొండికేసింది. మా సొంత కంపెనీలో మా ఆవిడ పేరు ఏడేళ్ళుగా ఉంది, ఏమీ కాలేదు. ఇండిపెండెంట్ డైరెక్టర్ కోర్సని వాట్సాప్‌లో ఒకటి వచ్చింది. అది మేలా, సీఎస్ మేలా? – ఒక తండ్రి, మారతహళ్ళి

జవాబు: కోర్సుల పేర్లు పక్కన పెడదాం. చదువు అయిపోవస్తోంది, నలుగురూ అడిగితే పాప పేరు పక్కన చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఇదీ మీ బెంగ. ఫైనలియర్ పిల్లలున్న తల్లిదండ్రులు దాదాపు అందరూ ఇదే బెంగతో వస్తారు. అర్థం చేసుకోగలను. కానీ ఆ బెంగ తీర్చుకోవడానికి ఇరవై ఏళ్ళ పిల్ల చేత సంతకం పెట్టించడం మాత్రం తప్పు. మెత్తగా చెబితే మీకు ఎక్కదేమోనని సూటిగానే చెబుతున్నాను.

ఆ రెండో డైరెక్టర్ ఎందుకు తప్పుకుంటున్నారో మీరు అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండి తీరాలి. అందుకే మీ బావమరిదికి ఇప్పుడు ఒక పేరు అర్జెంటుగా కావాలి. పాప కెరీర్ ఆ అవసరం తర్వాత గుర్తొచ్చిన సంగతి.

మీరు మొండితనం అంటున్నదాన్నే కంపెనీల చట్టం 2013, 166వ సెక్షన్ డైరెక్టర్ బాధ్యతగా రాసిపెట్టింది. తగిన శ్రద్ధ పెట్టాలి, సొంత బుద్ధితో నిర్ణయం తీసుకోవాలి, తన స్వలాభం కంపెనీ మేలుకు అడ్డొచ్చే వ్యవహారంలో చేరకూడదు. తప్పితే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా. మామయ్య పెట్టమన్నాడు, పెట్టాను అంటే అక్కడ చెల్లదు.

రోజువారీ పని నడపడానికి మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ), మేనేజర్లు ఉంటారు. డైరెక్టర్లంతా కలిసిన బోర్డు చేయాల్సింది వేరు. అప్పు తేవాలా, ఎవరికైనా అప్పివ్వాలా, కొత్త షేర్లు ఇవ్వాలా, ఏడాది లెక్కలు ఒప్పుకోవాలా అన్నవి మీటింగులో కూర్చుని తేల్చాలి. మామూలు కంపెనీకి ఏడాదికి కనీసం 4 మీటింగులు, రెండింటి మధ్య 120 రోజులు మించకూడదు. చట్టం చిన్నదిగా లెక్కించే కంపెనీకైతే ఆరు నెలలకొకటి, మధ్యలో కనీసం 90 రోజులు ఎడం. నోటీసు 7 రోజుల ముందు వెళ్ళాలి. కుటుంబ కంపెనీల్లో ఈ మీటింగులు చాలావరకు కాగితం మీదే జరుగుతాయి. సెప్టెంబరులో ఆడిటర్ ఆఫీసులో కుర్రాడు ఏడాది మినిట్స్ (మీటింగులో ఏం తేల్చారో రాసే రికార్డు) అన్నీ ఒకే మధ్యాహ్నం టైపు చేస్తాడు, ఇంట్లోవాళ్ళు వరసగా సంతకాలు పెట్టేస్తారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. వాటాదారుల వార్షిక సమావేశం (ఏజీఎం) అయిన 30 రోజుల్లో లెక్కలు, 60 రోజుల్లో వార్షిక రిటర్న్ కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేయాలి. ఆలస్యమైతే ఫారానికి రోజుకు 100 రూపాయలు. వరసగా మూడేళ్ళు ఫైల్ చేయకపోతే డైరెక్టర్‌గా ఉన్నవాళ్ళు ఐదేళ్ళపాటు మరే కంపెనీలోనూ డైరెక్టర్ కాలేరు. 2017లో ఇలా 3 లక్షలకు పైగా డైరెక్టర్ల మీద ఒక్కసారే వేటు పడింది. అప్పటికే తప్పులో ఉన్న కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు చట్టం ఇచ్చే వెసులుబాటు ఆరు నెలలే. అంటే మీ బావమరిది రిటర్నులు వేయకుండా వదిలేసి ఉంటే, డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఏడాదే మీ పాప పేరు ఆ జాబితాలో చేరవచ్చు.

ఇంతకంటే పెద్దది బ్యాంకు. మెషిన్ పార్టుల యూనిట్లకు సాధారణంగా క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే అవసరమైనప్పుడల్లా వాడుకునే బ్యాంకు అప్పు, ఉంటుంది. రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు కంపెనీ కట్టకపోతే నేను కడతానన్న పర్సనల్ గ్యారంటీ కొత్త డైరెక్టర్‌ను కూడా బ్యాంకు అడగవచ్చు. కంపెనీ అప్పు కంపెనీదే అనే సూత్రం ఆ సంతకంతో పోతుంది. కంపెనీ నుంచి రాబట్టుకోలేని ఆదాయపన్ను బకాయిల కోసం కూడా పన్ను శాఖ ఆ ఏడాది డైరెక్టర్‌గా ఉన్నవారి మీదకు రావచ్చు. నా నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోవాల్సిన భారం డైరెక్టర్‌దే.

ఇక వాట్సాప్ కోర్సు. దీని మీద నాకున్న అనుమానం దాచుకోను. కార్పొరేట్ వ్యవహారాల శాఖ కింద ఇండిపెండెంట్ డైరెక్టర్ల (యజమానులతో సంబంధం లేకుండా బోర్డులో కూర్చునే బయటివాళ్ళ) పేర్ల డేటాబ్యాంక్ ఉన్నమాట నిజమే, పరీక్షా ఉంది, 50 శాతం వస్తే పాస్. ప్రకటనల్లో మీటింగుకు లక్ష రూపాయలని రాస్తారు. అది చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు. కంపెనీలు అంత ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. డేటాబ్యాంకులో పేరున్నంత మాత్రాన పిలుపు రాదు. ఒక పరిశ్రమలో ఇరవై ముప్పయ్యేళ్ళు తలపండిన వాళ్ళ కోసం కంపెనీలు వెతుకుతాయి. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం బోర్డులో పేరుమోసిన ప్రొఫెసర్లు, పెద్ద పదవులు చేసినవాళ్ళు కూర్చున్నారు. అంతటివాళ్ళుండీ 2008 డిసెంబరు 16న ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు సరేనన్నారు. వాటాదారులు మండిపడితే గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. 2009 జనవరి 7న రామలింగరాజు తప్పు ఒప్పుకున్న ఉత్తరం బయటికొచ్చేదాకా, లెక్కల్లో చూపిన 5,040 కోట్ల నగదు అసలు లేనేలేదని ఆ బోర్డు కనిపెట్టలేకపోయింది. మూడు నెలల వీడియోలు చూసిన బీకాం పిల్ల అక్కడ ఏం అడగగలదు? ఆ ఫీజు కట్టకండి.

సీఎస్ పరీక్షల దశలు పాపకు తెలిసే ఉంటాయి, వదిలేస్తాను. పని ఎలా ఉంటుందో చెబుతాను. బోర్డు రికార్డులు, ఫైలింగులు చట్టప్రకారం ఉండేలా చూసేది సీఎస్. మీటింగు అయిన 15 రోజుల్లో డ్రాఫ్ట్ మినిట్స్ డైరెక్టర్లకు పంపాలి, వాళ్ళు 7 రోజుల్లో మార్పులు చెప్పాలి, 30 రోజుల్లో పుస్తకంలో ఎక్కాలి. పేజీలకు వరస నంబర్లు, ప్రతి పేజీ మీద ఛైర్మన్ పొడి సంతకం, చివరి పేజీలో పూర్తి సంతకం, తేదీ. ఎండీ తమ్ముడి కంపెనీ నుంచి ముడిసరుకు కొనే విషయం వస్తే, ఎండీ ఆ సంబంధం ముందే చెప్పారా, ఆ చర్చకు దూరంగా ఉన్నారా అన్నది అందులో ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే తర్వాత ఆ కొనుగోలు మొత్తం మీద ప్రశ్న లేస్తుంది. బ్యాలెన్స్ షీట్ చూపించమన్న పిల్లకు ఈ పని సరిగ్గా సరిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. ట్రైనింగే 21 నెలలు, స్టైపెండ్ తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితురాళ్ళ జీతాలతో మీరే ముందు పోల్చడం మొదలుపెడతారు, దయచేసి ఆ పని చేయకండి. ఉద్యోగాల గురించి ఇంకోటి: పెయిడప్ క్యాపిటల్ (షేర్ల ముఖవిలువ కింద వచ్చిన సొమ్ము) 10 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీకి ఫుల్‌టైం సీఎస్ తప్పనిసరి. స్టార్టప్ 50 కోట్ల ఫండింగ్ తెచ్చినా అందులో ఎక్కువ భాగం షేర్ ప్రీమియం (ముఖవిలువ మీద అదనంగా కట్టే సొమ్ము) కిందకు పోతుంది, పెయిడప్ చిన్నదిగానే ఉంటుంది. కాబట్టి కోరమంగళలో కనిపించే ప్రతి స్టార్టప్ నేమ్‌బోర్డూ ఒక ఉద్యోగం అనుకోవద్దు. అలాంటి కంపెనీల పని ఎక్కువగా ప్రాక్టీసింగ్ సీఎస్‌ల (సొంత ఆఫీసు పెట్టి పలు కంపెనీల పని చేసేవాళ్ళ) ఆఫీసులకు వెళ్తుంది. పాప అలాంటి ఆఫీసులో ట్రైనింగ్ తీసుకుంటే నేర్చుకునేది ఎక్కువ.

ఆలస్యమవుతుందని బెంగపడకండి. ఇరవై నాలుగుకో ఇరవై అయిదుకో చేతిలో ఉండే చదువు అది. బోర్డు గదిలోకి అన్నీ తెలిసి అడుగుపెడుతుంది. ఈ పిల్లకు ఏం చెప్పుకోవాలి అని మీరు వెతుక్కోనక్కర్లేదు.

మీ బావమరిదికి కాదని మీరే చెప్పండి, పాప చేత చెప్పించకండి. ఇక మీ ఆవిడ సంగతి. ఏమీ కాలేదన్నారు, ఎలా తెలుసు? ఆవిడ డిజిటల్ సంతకం టోకెన్ (ఆన్‌లైన్ ఫారాల మీద సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది) అకౌంటెంట్ సొరుగులో, పాస్‌వర్డ్ స్టిక్కర్‌తో సహా ఉండుంటే, ఏడేళ్ళలో ఆవిడ పేరున ఏమేం ఫైలయ్యాయో ఆవిడకు తెలియదు. ఈ వారమే ఆ టోకెన్ ఇంటికి తెచ్చి పాస్‌వర్డ్ మార్చండి. మీ కంపెనీ గత మూడేళ్ళ మినిట్స్ పుస్తకం, ఫైలింగ్ రసీదులు పాప ముందు పెట్టండి. తను అడిగే ప్రశ్నలకు అమ్మా నాన్నా ఇద్దరూ కూర్చుని జవాబు చెప్పండి.