నిమ్మ సోడా: ఘుమఘుమ అంతా తొక్కలోనే

ప్రశ్న: నిమ్మరసం, పంచదార కలిపి కాచి సీసాలో పోస్తున్నాను. మర్నాటికే చేదెక్కుతోంది, కాయ వాసన ఉండటం లేదు. సోడా మెషీన్‌లో పోస్తే పొంగిపోతోంది. ఎందుకు? – ఒక పాఠకురాలు, పొదలకూరు

జవాబు: పొదలకూరులో ఉండి కాయకు కొదవేముందమ్మా! వాసన పోవడానికి తప్పంతా కాచడంలోనే. నిమ్మ వాసన ఎక్కువగా తొక్కలోని నూనెది. వేడి తగిలితే ఆవిరైపోతుంది. గింజలు, తెల్ల పొరలు రసంలో నానితే లిమోనిన్ అనే చేదు పదార్థం తయారవుతుంది, ఆ చేదు దానిదే.

పది కాయలు కడిగి, తుడిచి, పచ్చటి పైపొర మాత్రమే తురమండి. తెల్లభాగం తగలకూడదు. 250 గ్రాముల పంచదారలో వేసి చేత్తో బాగా నలిపి, మూతపెట్టి నాలుగు గంటలుంచండి. నూనె పీల్చుకుని పంచదార తడి ఇసుకలా ముద్దవుతుంది, మూత తీయగానే గుప్పుమంటుంది. అప్పుడు ఆ కాయలనే పిండి, గింజలు తీసేసి, 200 మి.లీ. రసం పోయండి. పొయ్యి జోలికి పోకుండా కలిపి కరిగించి, వెంటనే పలుచటి గుడ్డలో వడగట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయండి. నూనె పైకి తేలితే సీసా ఊపితే చాలు.

మెషీన్‌లో మంచినీళ్లు తప్ప ఏదీ పోయొద్దు. రసం నురగకట్టి గొట్టంలోకి ఎక్కుతుంది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత బాగా కరుగుతుంది. 200 మి.లీ. సోడాకు 30 మి.లీ. పాకం, గ్లాసు వంచి మెల్లగా. చిటికెడు ఉప్పు వేస్తే మిగిలిన కాస్త చేదూ అణుగుతుంది.